నిర్మాణ గుత్తేదారులకు బి.ఐ.ఎం. ప్రయోజనాల కొలత

బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అనగా ఒక కట్టడానికి సంబంధించిన ఆకారం, కొలతలు, సామగ్రి, ధరలు, నిర్మాణ క్రమం మొదలైన సమాచారాన్నంతటినీ త్రిపరిమాణ కంప్యూటరు నమూనాలో పొందుపరచి, ఆ నమూనా ఆధారంగా రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ సాగించే పద్ధతి. దీనిని క్లుప్తంగా బి.ఐ.ఎం. అని వ్యవహరిస్తారు. ఈ పద్ధతిని అవలంబించే గుత్తేదారుకు సాఫ్ట్‌వేరు, శక్తివంతమైన కంప్యూటర్లు, సిబ్బంది శిక్షణ, నిపుణుల జీతాలు అనే ఖర్చులు ముందుగానే అవుతాయి. లాభం మాత్రం తరువాత వస్తుంది. అదికూడా చాలావరకు జరగకుండా తప్పిపోయిన నష్టం రూపంలో వస్తుంది. పగలగొట్టవలసిరాని గోడకు బిల్లు ఉండదు. అందువలన బి.ఐ.ఎం. వలన గుత్తేదారుకు నిజంగా ఎంత మిగిలిందో తేల్చడం సులభం కాదు. ఈ లెక్కకోసం 2000ల మధ్యకాలం నుండి వివిధ దేశాలలో జరిగిన ప్రయత్నాలు, వాడుకలోకి వచ్చిన కొలమానాలు, వాటి లోటుపాట్లు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

నేపథ్యం

కట్టడాన్ని గీతల సముదాయంగా కాక గోడ, దూలం, తలుపు వంటి వస్తువుల సముదాయంగా కంప్యూటరులో వర్ణించాలన్న ఆలోచనను 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్లెస్ ఈస్ట్‌మన్ ప్రతిపాదించాడు. 1980లలో హంగేరీకి చెందిన గ్రాఫిసాఫ్ట్ సంస్థ ఆర్కిక్యాడ్ అనే సాఫ్ట్‌వేరును తయారుచేసింది. "బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్" అన్న మాట 1992లో వాన్ నెడర్‌వీన్, టోల్మన్ అనే ఇద్దరు పరిశోధకుల పత్రంలో కనిపిస్తుంది. 2002లో ఆటోడెస్క్ సంస్థ రెవిట్ సాఫ్ట్‌వేరును రూపొందించిన సంస్థను కొనుగోలు చేసింది. ఆ సంవత్సరం నుండే ఈ మాట వృత్తిలో విరివిగా ప్రచారంలోకి వచ్చింది.

ప్రయోజనాన్ని డబ్బులో కొలవాలన్న పట్టుదలకు ఒక ముఖ్య కారణం అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2004లో వెలువరించిన నివేదిక. ఒక సాఫ్ట్‌వేరులోని సమాచారం మరొకదానిలోకి సరిగా వెళ్ళకపోవడం వలన ఆ దేశపు భారీ కట్టడాల రంగానికి 2002లో సుమారు 1,580 కోట్ల డాలర్ల నష్టం కలిగిందని ఆ నివేదిక అంచనా వేసింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు, అనగా సుమారు 1,060 కోట్ల డాలర్లు, కట్టడాల యజమానులు, నిర్వాహకుల మీదే పడింది. ప్రధాన గుత్తేదారుల వంతు సుమారు 180 కోట్ల డాలర్లు మాత్రమే. ఈ అంకెను బి.ఐ.ఎం.కు అనుకూలంగా అందరూ ఉదహరిస్తారు గానీ, నష్టంలో పెద్దభాగం యజమానిదైనప్పుడు ఆ నష్టాన్ని తప్పించే ఖర్చు గుత్తేదారు ఎందుకు భరించాలన్న ప్రశ్న కూడా అందులోనే ఉన్నది.

బ్రిటన్ ప్రభుత్వం 2011లో ప్రకటించిన నిర్మాణ విధానంలో, 2016 నాటికి కేంద్రప్రభుత్వ ప్రాజెక్టులన్నిటిలో రెండవ స్థాయి బి.ఐ.ఎం. తప్పనిసరి అని నిర్ణయించింది. 2018లో ఐ.ఎస్.ఓ. 19650 అనే అంతర్జాతీయ ప్రమాణపు మొదటి రెండు భాగాలు వెలువడ్డాయి. ఇటువంటి నియమాలు వచ్చినచోట "బి.ఐ.ఎం. వాడాలా వద్దా" అన్న చర్చ పోయి "వాడినందుకు ఎంత మిగిలింది" అన్న చర్చ మిగిలింది.

ప్రయోజనం ఎక్కడ పుడుతుంది

గుత్తేదారుకు అన్నిటికంటె త్వరగా కనిపించే లాభం క్లాష్‌ల గుర్తింపు. వాస్తుశిల్పి, స్ట్రక్చరల్ ఇంజనీరు, విద్యుత్తు, ప్లంబింగ్, ఎయిర్ కండిషనింగ్ నిపుణులు ఎవరి నక్షాలు వారు విడివిడిగా గీస్తారు. ఒకరి డక్టు మరొకరి దూలంలోనుండి పోతున్నట్లు కాగితం మీద తెలియదు. స్లాబు వేసి, డక్టు బిగించడానికి మనుషులు నిచ్చెన ఎక్కిన తరువాత తెలుస్తుంది. అప్పుడు పని ఆగుతుంది, లేఖలు నడుస్తాయి, కాంక్రీటుకు రంధ్రం వేయవలసి వస్తుంది. అందరి నమూనాలను ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే ఇటువంటి తగాదాలు ముందే బయటపడతాయి. నేవిస్‌వర్క్స్, సొలిబ్రి వంటి సాఫ్ట్‌వేరులు ఈ పనికి వాడతారు.

రెండవది పరిమాణాల లెక్క. ఎంత కాంక్రీటు, ఎన్ని టన్నుల ఇనుము, ఎన్ని చదరపు మీటర్ల ప్లాస్టరింగ్ అన్నది నమూనా నుండి నేరుగా రాబట్టవచ్చును. నమూనాకు కాలాన్ని జతచేస్తే నాలుగవ పరిమాణమని, ధరను కూడా జతచేస్తే అయిదవ పరిమాణమని అంటారు. మూడవది, పైపులు, డక్టులు వంటివాటిని కార్ఖానాలోనే కోసి అమర్చి తెచ్చే వీలు. నమూనాపై నమ్మకం లేనిదే ఏ ఉప గుత్తేదారూ ముందుగా పైపు కోయడు. కాబట్టి ముందస్తు తయారీ శాతం ఎంత ఉన్నదన్నది, నమూనా ఎంత నమ్మకంగా ఉన్నదో చెప్పే పరోక్ష కొలమానం కూడా అవుతుంది.

ఈ ప్రయోజనాలన్నీ నిర్మాణ దశలో వస్తే, వాటికోసం చేసే శ్రమ రూపకల్పన దశలోనే ఖర్చవుతుంది. అమెరికా వాస్తుశిల్పి పాట్రిక్ మెక్‌లీమీ గీసిన వక్రరేఖ ఈ విషయాన్నే చూపుతుంది. ప్రాజెక్టు ముందుకు సాగేకొలదీ ఖర్చును ప్రభావితం చేసే శక్తి తగ్గుతూ, మార్పుకయ్యే ఖర్చు పెరుగుతూ పోతుంది కనుక శ్రమను ముందుకు జరపాలని దాని సారాంశం. అది ఒక భావచిత్రమే గాని కొలిచి గీసిన రేఖ కాదు.

కొలమానాలు

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్లిష్, సలివన్ 2012లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో తరచుగా పేర్కొనబడుతుంది. వారు కొలమానాలను రెండు వర్గాలు చేశారు. రూపకల్పన ఖర్చు, నిర్మాణ ఖర్చు పెట్టుబడి వైపు; ఆర్.ఎఫ్.ఐ.లు, మార్పు ఉత్తర్వులు, కాలవ్యవధి ప్రతిఫలం వైపు. ప్రయోజనానికి అవకాశం ఎక్కువే గానీ అది ప్రాజెక్టు ప్రాజెక్టుకూ మారుతుందని వారు తేల్చారు.

ఆర్.ఎఫ్.ఐ. అనగా నక్షాలలో స్పష్టత లేనిచోట వివరణ కోరుతూ గుత్తేదారు రూపకర్తకు రాసే లేఖ. దీనిని లెక్కించడం అతి సులభం, ఎందుకంటే ప్రతి లేఖకూ ఒక సంఖ్య, తేదీ ఉంటాయి. కానీ సంఖ్య ఒక్కటే చూస్తే పొరపాటు పడతాము. నమూనా తయారయ్యేటప్పుడు సందేహాలన్నీ ఒకేసారి బయటపడి మొదటి నెలలలో లేఖలు పెరిగే అవకాశం ఉన్నది. అది నష్టం కాదు, లాభమే. కాబట్టి పని మొదలవకముందు రాసినవి, మొదలైన తరువాత రాసినవి వేరుచేయాలి. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఒక్కొక్క కోటి రూపాయల పనికి ఎన్ని, లేదా వెయ్యి చదరపు మీటర్లకు ఎన్ని అని చూడాలి.

మార్పు ఉత్తర్వులలోనూ ఇదే జాగ్రత్త అవసరం. యజమాని మనసు మార్చుకొని అదనపు గది కోరితే వచ్చే ఉత్తర్వును ఏ నమూనా ఆపలేదు. నక్షాల మధ్య పొంతన లేక వచ్చిన ఉత్తర్వులను మాత్రమే బి.ఐ.ఎం. ఖాతాలో చూడాలి. చేసిన పనిని పగలగొట్టి మళ్ళీ చేయడం మరింత చిక్కైన అంశం, ఎందుకంటే చాలా సైట్లలో దానిని ఎవరూ రాసిపెట్టరు. మేస్త్రీ రెండు రోజుల కూలీ సర్దుబాటు చేస్తాడు, సిమెంటు స్టోరులో తరుగు కింద పోతుంది. నమూనా రాకముందు ఎంత వృథా అయ్యేదో తెలియని గుత్తేదారు, వచ్చిన తరువాత ఎంత తగ్గిందో చెప్పలేడు.

కాలవ్యవధిని డబ్బుగా మార్చడానికి సైటు నిర్వహణ రోజువారీ ఖర్చుతో గుణిస్తారు. ఉదాహరణకు ఇంజనీర్ల జీతాలు, క్రేను అద్దె, కాపలా, విద్యుత్తు కలిపి రోజుకు 60,000 రూపాయలు అవుతుందనుకుంటే, 12 రోజులు ముందుగా పూర్తయితే 7,20,000 రూపాయలు మిగిలినట్లు. అయితే ఆ 12 రోజులు మొత్తం ప్రాజెక్టు ముగింపును ముందుకు తెచ్చినవై ఉండాలి. తీరిక ఉన్న పనిలో 12 రోజులు ఆదా అయితే గడువు మీద దాని ప్రభావం శూన్యం. సంధిమార్గంలో ఉన్న పనికీ, లేని పనికీ తేడా చూడకుండా గంటలు కూడుకుంటూ పోవడం ఈ రంగపు నివేదికలలో సాధారణంగా కనిపించే తప్పు.

క్లాష్‌ల సంఖ్యను గురించి వేరే చెప్పాలి. ఒక పైపు వరుసగా 14 దూలాలను తాకితే సాఫ్ట్‌వేరు 14 క్లాష్‌లు చూపుతుంది. నిజానికి సమస్య ఒకటే, పైపును 20 సెంటీమీటర్లు దించితే అన్నీ పోతాయి. సహన పరిమితిని 5 మిల్లీమీటర్ల నుండి 25 మిల్లీమీటర్లకు మారిస్తే వందల క్లాష్‌లు మాయమవుతాయి. "మా నమూనా పదివేల క్లాష్‌లు పట్టింది" అన్న మాటకు ఇందువలన పెద్ద విలువ లేదు. ఒకేరకమైనవాటిని కలిపి సమూహాలుగా చేసి, ప్రతి సమూహం సైటులో బయటపడి ఉంటే ఎంత ఖర్చయ్యేదో అనుభవజ్ఞుడైన ఇంజనీరు చేత అంచనా కట్టించడమే సరైన పద్ధతి.

పెట్టుబడిపై ప్రతిఫలం: ఒక హోటలు ఉదాహరణ

లెక్క సూత్రం సరళమైనదే. ఆదా నుండి ఖర్చు తీసివేసి, మిగిలినదానిని ఖర్చుతో భాగించి, నూరుతో హెచ్చిస్తే పెట్టుబడిపై ప్రతిఫల శాతం వస్తుంది. చిక్కు సూత్రంలో లేదు, అందులో వేసే అంకెలలో ఉన్నది. దీనికి చక్కని ఉదాహరణ అమెరికాలోని అట్లాంటాలో హోల్డర్ కన్‌స్ట్రక్షన్ సంస్థ నిర్మించిన అక్వేరియం హిల్టన్ గార్డెన్ ఇన్ అనే హోటలు. దీని వివరాలను సల్మాన్ అజ్హర్ 2011లో ప్రచురించిన పత్రంలో ఇచ్చాడు.

హోటలు, దాని వాహనాల నిలుపుదల కట్టడం కలిపి విలువ 4.6 కోట్ల డాలర్లు. బి.ఐ.ఎం. కోసం అయిన ఖర్చు 90,000 డాలర్లు, అనగా ప్రాజెక్టు విలువలో 0.2 శాతం. ఇందులో 40,000 డాలర్లు యజమాని ఇచ్చాడు. పని మొదలుకాకముందు 590 క్లాష్‌లు గుర్తించారు. ఒక్కొక్కటి సైటులో బయటపడి ఉంటే అయ్యే ఖర్చును అంచనావేసి కూడితే 8,01,565 డాలర్లు వచ్చింది. సగటున ఒక క్లాష్‌కు సుమారు 1,359 డాలర్లు.

ఇక్కడ లెక్క ఆపివేస్తే ప్రతిఫలం సుమారు 791 శాతం. కానీ ఆ లెక్క కట్టినవారు అక్కడ ఆగలేదు. బి.ఐ.ఎం. లేకపోయినా అనుభవం ఉన్న ఇంజనీర్లు నక్షాలను దీపపు బల్లమీద ఒకదానిపై ఒకటి పరచి చాలా తగాదాలు పట్టుకొనేవారే గదా! కాబట్టి 75 శాతం క్లాష్‌లు పాత పద్ధతిలోనూ పట్టుబడేవని అనుకొని, మిగిలిన 25 శాతాన్నే నమూనా వలన కలిగిన ఆదాగా తీసుకున్నారు. అది సుమారు 2 లక్షల డాలర్లు. అప్పుడు ప్రతిఫలం సుమారు 123 శాతానికి దిగుతుంది.

ఆ 75 శాతం అన్నది కూడా ఒక ఊహయే. దానిని 90 శాతం అనుకుంటే ఆదా సుమారు 80,000 డాలర్లే, అనగా ఖర్చుకంటె తక్కువ. దాదాపు 89 శాతం దగ్గర లాభనష్టాలు సమానమవుతాయి. ఇక యజమాని ఇచ్చిన 40,000 తీసివేసి గుత్తేదారు జేబునుండి పోయిన 50,000 డాలర్లనే పెట్టుబడిగా చూసి, రెండు లక్షల ఆదా అంతా అతనికే దక్కిందనుకుంటే ప్రతిఫలం 300 శాతం దాటుతుంది. అదే కట్టడం, అదే నమూనా, అవే 590 క్లాష్‌లు. జవాబు మాత్రం నష్టం నుండి ఎనిమిది రెట్ల లాభం వరకు ఏదైనా కావచ్చును. ఏ నివేదికలోనైనా ప్రతిఫల శాతం కనిపించినప్పుడు పాఠకుడు మొదట వెతకవలసినది ఈ తగ్గింపు ఎంత వేశారన్నదే.

అదే పత్రంలో హోల్డర్ సంస్థకు చెందిన పది ప్రాజెక్టుల లెక్కలున్నాయి. ప్రతిఫలం 140 శాతం నుండి 39,900 శాతం వరకు ఉన్నది. ఈ రెండవ అంకె సవానా స్టేట్ విశ్వవిద్యాలయ భవనానిది. అక్కడ కేవలం 5,000 డాలర్ల ఖర్చుతో మూడు ప్రత్యామ్నాయ రూపకల్పనలను పోల్చి చూపగా యజమాని అన్నిటికంటె చవకైనదానిని ఎంచుకొన్నాడు, దానితో సుమారు 20 లక్షల డాలర్లు మిగిలినట్లు లెక్కవేశారు. నమూనా లేకపోతే యజమాని తప్పక ఖరీదైనదానినే ఎంచుకొనేవాడని ఎవరు చెప్పగలరు? అదికాక ఆ ఆదా యజమానిది, గుత్తేదారుది కాదు. పది ప్రాజెక్టుల సగటు 1,633 శాతం కాగా, ఇటువంటి ప్రణాళికా దశ లాభాలను తీసివేస్తే సగటు 634 శాతానికి తగ్గింది. 5,000 డాలర్ల ఖర్చులో సాఫ్ట్‌వేరు లైసెన్సులు, శిక్షణ, తొలి ప్రాజెక్టులలో నేర్చుకొంటూ పోగొట్టుకొన్న కాలం ఇమిడే అవకాశం లేదన్నది కూడా గమనించాలి. అవి సంస్థ సాధారణ ఖర్చులలో కలిసిపోతాయి.

పోల్చి చూసే పద్ధతి

ఊహించిన నష్టానికి బదులు, బి.ఐ.ఎం. వాడిన ప్రాజెక్టును వాడని ప్రాజెక్టుతో పోల్చడం మరొక మార్గం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన గీల్, ఈసా ఒకే గుత్తేదారు కట్టిన, ఒకదానినొకటి పోలిన కట్టడాలను జతలుగా తీసుకొని 2013లో ఇటువంటి పరిశీలన ప్రచురించారు. బి.ఐ.ఎం. లేనిచోట వచ్చిన ఆర్.ఎఫ్.ఐ.లు, మార్పు ఉత్తర్వులలో ఏవి నమూనా ఉంటే తప్పిపోయేవో వేరుచేసి వాటి ఖర్చు కట్టారు. ప్రతిఫలం 16 శాతం నుండి 1,654 శాతం వరకు వచ్చింది. కట్టడం ఎంత సంక్లిష్టమో అంత లాభమని స్థూలంగా చెప్పవచ్చును. నాలుగు గోడల గిడ్డంగిలో పట్టుకోవలసిన క్లాష్‌లే తక్కువ.

హాంకాంగ్‌లో రెండు గృహనిర్మాణ ప్రాజెక్టులను పోల్చి 2014లో ప్రచురించిన పరిశోధన మెక్‌లీమీ వక్రరేఖకు అంకెలు జతచేసింది. చదరపు మీటరు లెక్కన చూస్తే బి.ఐ.ఎం. వలన రూపకల్పన దశలో శ్రమ 45.93 శాతం పెరిగింది, నిర్మాణ దశలో ఖర్చు 8.61 శాతం తగ్గింది, మొత్తంమీద 6.92 శాతం ఆదా అయింది. రూపకల్పనలో దాదాపు సగం పెరిగినా మొత్తంలో ఆదా రావడానికి కారణం, రూపకల్పన ఖర్చు నిర్మాణ ఖర్చుతో పోలిస్తే చాలా చిన్నది కావడమే.

బ్రిటన్‌లో ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ సంస్థ ప్రభుత్వం తరఫున ఒక కొలత విధానాన్ని రూపొందించి 2018లో రెండు ప్రాజెక్టులకు వర్తింపజేసింది. లండనులోని 39 విక్టోరియా స్ట్రీట్ కార్యాలయపు పునరుద్ధరణలో 3 శాతం, యార్క్ నగరపు వరద రక్షణకు చెందిన ఫాస్ బ్యారియర్ పనిలో 1.5 శాతం ఆదా లెక్కతేలింది. ఇవి ప్రాజెక్టు మొత్తం ఖర్చులో ఆదా అయిన శాతాలు, పైన చెప్పినవి బి.ఐ.ఎం. ఖర్చుపై ప్రతిఫల శాతాలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి "అమెరికాలో వేల శాతం, బ్రిటన్‌లో మూడు శాతం" అనడం తప్పు. గుత్తేదారు లాభం కాంట్రాక్టు విలువలో కొద్ది శాతమే ఉండే ఈ వృత్తిలో 1.5 శాతం కూడా చిన్న విషయం కాదు.

క్యామినో వైద్యశాల

గుత్తేదారులు, ఉప గుత్తేదారుల వైపునుండి చూసిన పరిశీలనలలో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో నిర్మించిన క్యామినో మెడికల్ గ్రూప్ భవనం ప్రసిద్ధమైనది. ప్రధాన గుత్తేదారు డి.పి.ఆర్. కన్‌స్ట్రక్షన్. ఖంజోడే, ఫిషర్, రీడ్ అనే ముగ్గురు 2008లో దీని ఫలితాలు ప్రచురించారు. సుమారు 2,50,000 చదరపు అడుగుల ఈ భవనంలో గాలి, నీరు, విద్యుత్తు పనుల ఉప గుత్తేదారులకు 20 నుండి 30 శాతం కూలి ఆదా అయింది. ప్లంబింగ్ గుత్తేదారు తన సామగ్రిని నూరు శాతం ముందుగానే తయారుచేయించి తెచ్చాడు. మెకానికల్ గుత్తేదారుకు మళ్ళీ చేయవలసివచ్చిన పని 0.2 శాతంకంటె తక్కువ. సైటులో ఈ వ్యవస్థల మధ్య క్లాష్ ఒక్కటీ రాలేదు, ఈ పనుల బిగింపు కాలమంతటిలో నమోదైన గాయం ఒక్కటే. యజమానికి సుమారు ఆరు నెలల కాలం, 90 లక్షల డాలర్లు ఆదా అయినట్లు పరిశోధకులు రాశారు.

ఈ విజయం అంతా నమూనాదేనా? అక్కడ అందరు ఉప గుత్తేదారులను ముందుగానే రప్పించి ఒకే గదిలో కూర్చోబెట్టి పనిచేయించారు, లీన్ నిర్మాణ పద్ధతులు కూడా పాటించారు. సాఫ్ట్‌వేరు లేకుండా అలా కూర్చొని ఉంటే ఎంత ఫలితం వచ్చేదో, కూర్చోకుండా సాఫ్ట్‌వేరు మాత్రమే కొని ఉంటే ఎంత వచ్చేదో విడదీయడం సాధ్యం కాదు. రెండవ రకం గుత్తేదారులు నిరాశపడడం తరచుగా జరిగేదే.

"వరకు" అనే మాట

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సమీకృత సౌకర్యాల ఇంజనీరింగ్ కేంద్రం 2007లో 32 పెద్ద ప్రాజెక్టుల ఆధారంగా ఇచ్చిన అంకెలు దాదాపు ప్రతి విద్యార్థి సిద్ధాంత గ్రంథంలోనూ కనిపిస్తాయి. బడ్జెటులో లేని మార్పులలో 40 శాతం వరకు తగ్గుదల, ఖర్చు అంచనాలో 3 శాతం లోపు తేడా, అంచనా తయారుచేసే కాలంలో 80 శాతం వరకు ఆదా, క్లాష్‌ల గుర్తింపు వలన కాంట్రాక్టు విలువలో 10 శాతం వరకు ఆదా, ప్రాజెక్టు కాలంలో 7 శాతం వరకు తగ్గుదల. ఇందులోని "వరకు" అనే మాట చేతులు మారేకొలదీ జారిపోయి ఇవి సగటు ఫలితాలుగా ప్రచారమయ్యాయి. నిజానికి ఇవి గరిష్ఠాలు. అన్నీ ఒకే ప్రాజెక్టులో వస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు.

అభిప్రాయ సేకరణలదీ ఇటువంటి సమస్యయే. మెక్‌గ్రా హిల్ కన్‌స్ట్రక్షన్ 2014లో వివిధ దేశాల గుత్తేదారులను ప్రశ్నించి, వారిలో నాలుగింట మూడు వంతుల మంది బి.ఐ.ఎం. పెట్టుబడిపై లాభం వచ్చిందని చెప్పినట్లు ప్రకటించింది. ఇది వారికి కలిగిన అభిప్రాయం, ఖాతా పుస్తకాలనుండి తీసిన లెక్క కాదు. పెట్టుబడి పెట్టినవారు తమ నిర్ణయం సరైనదేనని చెప్పుకోవడం మానవ సహజం.

లాభం ఎవరికి దక్కుతుంది

ప్రయోజనాన్ని సరిగా కొలిచినా అది గుత్తేదారుకే చెందుతుందన్న నియమం లేదు. కాంట్రాక్టు రకాన్నిబట్టి అది మారుతుంది. ఏకమొత్తపు కాంట్రాక్టులో తప్పిపోయిన ఖర్చు గుత్తేదారుకే మిగులుతుంది. ఖర్చుకు నిర్ణీత శాతం కలిపి చెల్లించే కాంట్రాక్టులో ఖర్చు తగ్గితే గుత్తేదారు రుసుము కూడా తగ్గుతుంది. గరిష్ఠ ధర హామీ కాంట్రాక్టులో మిగిలినదానిని ఇద్దరూ పంచుకొనే షరతు ఉండవచ్చును.

భారతదేశపు ప్రభుత్వ పనులలో చిరకాలంగా వాడుకలో ఉన్నది ఐటం రేటు పద్ధతి. ఇందులో ఐ.ఎస్. 1200 ప్రమాణం ప్రకారం చేసిన పనిని కొలిచి, ఇంజనీరు కొలతల పుస్తకంలో నమోదుచేసి, ఆ పరిమాణానికి బిల్లు చెల్లిస్తారు. నమూనా వలన కాంక్రీటు పరిమాణం తగ్గితే గుత్తేదారు బిల్లు తగ్గుతుంది. తక్కువ ధరకు టెండరు వేసి అదనపు పనులమీద ఆదాయం రాబట్టుకొనే అలవాటు ఉన్నచోట, మార్పు ఉత్తర్వులను తగ్గించే సాధనం గుత్తేదారు ఆదాయానికే గండి కొడుతుంది. ఈ సంగతి పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది గానీ, బి.ఐ.ఎం. ఎందుకు నెమ్మదిగా వ్యాపిస్తున్నదో అర్థం చేసుకోవడానికి ఇది ముఖ్యం. ఇందుకు భిన్నంగా ఇ.పి.సి. పద్ధతిలో రూపకల్పన, నిర్మాణం రెండూ ఏకమొత్తానికి గుత్తేదారే చేస్తాడు కనుక పరిమాణంలో ఆదా అతనిదే. 2004 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటిపారుదల ప్రాజెక్టులకు ఈ పద్ధతిని విరివిగా వాడారు. గుత్తేదారు సొంత డబ్బుతో నమూనా చేయించుకోవడానికి తగిన ప్రోత్సాహం ఇటువంటి కాంట్రాక్టులలోనే ఉన్నది.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాలలో

భారతదేశంలో పెద్ద ఎత్తున బి.ఐ.ఎం. వాడిన ప్రభుత్వ ప్రాజెక్టులలో నాగపూర్ మెట్రో పేర్కొనదగినది. అక్కడ కాలం, ధర జతచేసిన అయిదవ పరిమాణపు పద్ధతిని అమలుచేశారు. హైదరాబాదుకు ఈ రంగంతో ఉన్న సంబంధం మరొక రకమైనది. అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాల గుత్తేదారులకోసం నమూనాలు తయారుచేసే సంస్థలు ఇక్కడ అనేకం ఉన్నాయి. రెవిట్, టెక్లా నేర్చుకొన్న తెలుగు ఇంజనీర్లు, డ్రాఫ్ట్స్‌మెన్ వాటిలో పనిచేస్తున్నారు.

కొలత దృష్ట్యా ఇందులో ఒక విశేషం ఉన్నది. పరదేశపు గుత్తేదారు పుస్తకాలలో నమూనా ఖర్చు గంటకు ఇంత చొప్పున తక్కువగా కనిపిస్తుంది, అందువలన అతని ప్రతిఫల శాతం పెరుగుతుంది. ఇక్కడి ఉద్యోగికి మాత్రం తాను పట్టిన క్లాష్ వలన ఆ సైటులో ఎంత మిగిలిందో తెలిసే మార్గం లేదు. అతని పనిని గంటలతోనూ, క్లాష్‌ల సంఖ్యతోనూ కొలుస్తారు. క్లాష్‌ల సంఖ్య ఎంత నమ్మదగని కొలమానమో పైన చూశాము.

చిన్న గుత్తేదారు లెక్క

పెద్ద సంస్థలు మొదటి ఒకటి రెండు ప్రాజెక్టులలో నష్టం వచ్చినా భరించగలవు. ఏడాదికి రెండు మూడు అపార్టుమెంట్లు కట్టే గుత్తేదారుకు ఆ వెసులుబాటు ఉండదు. మొదటి ప్రాజెక్టులో నేర్చుకొనే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. తరువాతి ప్రాజెక్టులలో ఒక్కొక్క పనికి పట్టే కాలం తగ్గుతూ వస్తుంది. దీనిని అభ్యసన వక్రరేఖ అంటారు. కాబట్టి సాఫ్ట్‌వేరు, శిక్షణల ఖర్చును ఒకే ప్రాజెక్టు మీద వేయకుండా మూడు నాలుగు ప్రాజెక్టులకు పంచి చూడాలి. మొదటి ప్రాజెక్టు ఫలితంతోనే "మనకు పనికిరాదు" అని తేల్చడం ఎంత తప్పో, సాఫ్ట్‌వేరు అమ్మేవారు చూపే పదవ ప్రాజెక్టు ఫలితాన్ని మొదటిదానికి ఆశించడం కూడా అంతే తప్పు.

సొంతంగా సాఫ్ట్‌వేరు కొనకుండా ఒక్క ప్రాజెక్టుకు నమూనాను బయట చేయించుకోవడం చాలామంది అనుసరించే మార్గం. దానికంటె ముందు, నమూనా లేకుండా కడుతున్న కట్టడంలోనే లెక్కలు రాయడం మొదలుపెట్టవచ్చును. ప్రతిసారీ పని ఎందుకు ఆగింది, ఎన్ని గంటలు ఆగింది, ఎంతమంది ఖాళీగా కూర్చున్నారు, పగలగొట్టి చేసినదానికి ఎంత సామగ్రి పోయింది, కారణం నక్షమా, సామగ్రి రాకపోవడమా, యజమాని మార్పా అన్నవి ఒక పుస్తకంలో రాస్తే చాలు. ఆరు నెలలలో ఆ సైటు పాత పద్ధతిలో ఎంత పోగొట్టుకొంటున్నదో తెలుస్తుంది. నక్షాల పొరపాట్ల వలన పోయినది నమూనా ఖర్చుకంటె తక్కువని తేలితే, ఆ గుత్తేదారు కట్టే తరహా కట్టడాలకు బి.ఐ.ఎం. ఇంకా గిట్టుబాటు కాదు.